భూతద్దపు సౌరయంత్రములు – మన శంషాబాదు ఆకాశము

శంషాబాదు, మహేశ్వరము, షాబాదు, చేవెళ్ళ ప్రాంతముల సభ్యులు కొంతకాలముగా మమ్ము ఒక ప్రశ్న అడుగుచున్నారు. పైరునకు లొంగని చెలకలలో సూర్యరశ్మి వలన విద్యుచ్ఛక్తిని పండింపవచ్చునని వారు వినియున్నారు. కేంద్ర ప్రభుత్వమువారు 2019లో ఆరంభించిన కుసుమ్ పథకము రైతులకును సహకార సంఘములకును 500 కిలోవాట్లు మొదలు 2 మెగావాట్ల వఱకు ఇట్టి కేంద్రములను నెలకొల్పుకొనుటకు దారి చూపినది. అంతవఱకు సందేహము లేదు. సందేహమెల్ల యంత్రమును గూర్చియే. ఇండ్లకప్పుల మీద మనము చూచుచున్న చదునుపలకలు తమపై పడిన యెండలో నూటికి 20 పాళ్ళు, మేలైనవి 23 పాళ్ళు మాత్రమే విద్యుత్తుగా మార్చును. భూతద్దములతో ఎండను ఒకచోట కుప్పచేసి చిన్న ఘటముపై పడవేయు యంత్రములందలి ఘటము నూటికి 40 పాళ్ళకు మించి మార్చునట. రెట్టింపు దిగుబడినిచ్చు వంగడము బజారులో నుండగా పాతవిత్తనమునే చల్లుట యెందులకని సభ్యులు మమ్మడుగుచున్నారు.

ప్రశ్న సమంజసమైనదే. దానికి సమాధానమును కూడ విత్తనము మాటలోనే చెప్పవచ్చును. ఏ వంగడమైనను ఏ నేలలో, ఏ వానకు ఎంత పండునో తెలిసికొనక గింజలు కొనువాడు రైతు కాడు. సౌరయంత్రమునకు నేల ఆకాశము. ఆ ఆకాశము జర్మనీలో ఒక తీరు, రాజస్థానపు ఎడారిలో ఒక తీరు, మన శంషాబాదు విమానాశ్రయము మీద వేఱొక తీరు. సంఘము సొమ్ము వెచ్చించుటకు ముందు ఈ భేదమును గుర్తెఱుగుట అవసరమని తలచి ఈ పాఠము వ్రాయుచున్నాము.

ముందుగా యంత్రము సంగతి. చిన్నపిల్లలు భూతద్దమును ఎండలో పట్టి కాగితము కాల్చుట అందఱును చూచినదే. కేంద్రీకృత సౌరఘటము చేయు పనియు అదియే. జానెడు వెడల్పుగల పలుచని కటకము తనపై పడిన యెండనంతను గోరంత ఘటముపైకి కూర్చును. ఐదువందల మడుగులు, వేయి మడుగులు అయిన యెండ ఆ చిన్నచోట పడును. ఆ ఘటము ఇసుకనుండి తీసిన సిలికానుతో చేసినది కాదు. గేలియము, ఇండియము, జర్మేనియము మొదలగు ప్రియమైన ధాతువులను పొరలు పొరలుగా పేర్చి చేసినది. ఉపగ్రహముల రెక్కలకు అమర్చు ఘటములు ఈ జాతివే. సామాన్యముగా మూడు పొరలుండును. పై పొర నీలికాంతిని, నడిమి పొర ఎఱ్ఱకాంతిని, అడుగు పొర కంటికి కానరాని వేడికాంతిని గ్రహించును. జర్మనీదేశపు ఫ్రౌన్‌హోఫర్ సంస్థవారు 2022లో నాలుగు పొరల ఘటముచే, 665 మడుగుల వెలుతురున, నూటికి 47.6 పాళ్ళు రాబట్టిరి. ఈ సంఖ్య నిజమైనదే. అయితే అది ప్రయోగశాలలో, దీపపు వెలుతురున, ఒక్క ఘటమును కొలిచిన సంఖ్య. కటకములు, చట్రము, తీగెలు అన్నియు చేరిన పెట్టెను ఆరుబయట నిలిపినచో ఇంచుమించు 30 పాళ్ళని లెక్కించుకొనుట మేలు.

ఈ యంత్రమునకొక నియమము గలదు. భూతద్దమును ఏటవాలుగా పట్టినచో కాగితము కాలదుగదా? అట్లే కటకము దినమంతయు సూర్యునకు ఎదురుగా తిరుగుచుండవలెను. పొద్దుతిరుగుడు పువ్వునకు ఇంత నిష్ఠ లేదు. గుఱి ఒక్క డిగ్రీ తప్పిననే చాలు, వెలుగుచుక్క ఘటము పక్కకు జారును. సూర్యబింబము మన కంటికి అర డిగ్రీ వెడల్పున కనబడునని జ్ఞప్తియందుంచుకొనిన ఆ డిగ్రీ యెంతటిదో తెలియగలదు.

ఇక అసలు సంగతి. ఎండ యనునది ఒక్కటి కాదు, రెండు పాళ్ళు. సూర్యబింబము నుండి తిన్నగా వచ్చి నేలపై నీడను గీయునది సూటియెండ. దారిలో గాలిని, దుమ్మును, మబ్బును తాకి నలుదెసలకు చెదరి, ఆకాశమంతటి నుండియు దిగునది చెదరువెలుగు. వేపచెట్టు నీడలో కూర్చుండి పత్రిక చదువగలుగుచున్నామనిన అది చెదరువెలుగు చలువయే. మబ్బు కమ్మిన మధ్యాహ్నము నీడ పడకున్నను పొలములో పని సాగును, పైరునకును ఆ వెలుగు అక్కఱకు వచ్చును, చదునుపలకయు కొంత విద్యుత్తు నిచ్చును. కాని ఆ సమయమున భూతద్దము పట్టి కాగితము కాల్చి చూడుడు. ఎంతసేపు పట్టినను పొగ రాదు. చెదరిన వెలుగును ఏ కటకమును కుప్పచేయజాలదు. చదునుపలక రెండు పాళ్ళను భుజించును. భూతద్దపు యంత్రము ఒక్క పాలే భుజించి రెండవదానిని విడిచిపెట్టును. కాబట్టి మనము అడుగవలసినది 'ఇచ్చట ఎండ యెంత?' అని కాదు, 'ఆ యెండలో సూటియెండ యెంత?' అని. మన ప్రాంతమున ఎండకు కొదవ లేదని అందఱు నెఱుగుదురు. రోహిణికార్తెలో తలకు పాగా చుట్టక చేనికి పోవువాడు లేడు. ఆ యెఱుక యే మనలను పొరబాటు త్రోవ పట్టించుచున్నది.

సూటియెండను చెదరగొట్టునవి యేవి? గాలియే కొంత చెదరగొట్టును. నీలికాంతిని ఎక్కువగా, ఎఱ్ఱకాంతిని తక్కువగా చెదరగొట్టుటచేతనే ఆకాశము నీలము. ఇది అన్నిచోట్లను ఉన్నదే. శంషాబాదు సముద్రమట్టమునకు 617 మీటర్ల యెత్తున నుండుటచే మన తలపై గాలి బరువు తీరప్రాంతము కంటె నూటికి ఏడు పాళ్ళు తక్కువ. ఇది మనకు చిన్న లాభము. అటుపిమ్మట దుమ్ము, పొగ, మసి, నీటి తుంపరలు. వీనిలోనే దేశమునకు దేశమునకు భేదము. శాస్త్రజ్ఞులు ఈ సన్నకణముల మసకను ఒక సంఖ్యచే కొలుతురు. పాఠము నిమిత్తము మనము దానిని మసకకొలత యందము. మసకకొలత సున్న యైనచో కణములు లేవు. పెరిగినకొలది సూటియెండ తగ్గును. షాద్‌నగరులోని జాతీయ దూరసంవేదన కేంద్రమువారి ప్రయోగశాల వంటివి దీనిని నిత్యము కొలుచుచుండును. హైదరాబాదు పరిసరములలో ఈ సంఖ్య 0.3 మొదలు 0.6 వఱకు ఉండుట సామాన్యము. యంత్రముల శక్తిని చెప్పుటకు దేశదేశముల పండితులు ఒప్పుకొనిన మచ్చుయెండయందు ఈ సంఖ్య 0.084 మాత్రమే. అమ్మకపు పత్రముపై అచ్చువేసిన సంఖ్య యే ఆకాశము క్రిందిదో చదువరులు ఇక్కడ గ్రహింపవలెను.

లెక్క చూపుదుము. డిసెంబరు నెల మిట్టమధ్యాహ్నమున శంషాబాదులో సూర్యుడు నడినెత్తిన ఉండక దక్షిణమునకు వాలి, నేలకు 49 డిగ్రీల యెత్తున నుండును. కిరణము ఏటవాలుగా వచ్చుటచే నిట్టనిలువు దారికి 1.3 రెట్లు గాలిని దాటి రావలెను. మసకకొలత 0.1 అయిన దినమున ఆకుపచ్చకాంతిలో నూటికి 88 పాళ్ళు ఈ కణములను తప్పించుకొని సూటిగా దిగును. 0.5 అయిన దినమున 52 పాళ్ళే దిగును. ఇది మధ్యాహ్నపు మాట. ఉదయము సూర్యుడు 30 డిగ్రీల యెత్తున నున్నప్పుడు దారి రెండు రెట్లు. అప్పుడా సంఖ్యలు 82, 37. మాయమైన పాళ్ళన్నియు పోవునని కాదు. వానిలో అధికభాగము చెదరువెలుగై నేలను చేరును. చదునుపలక దానిని పట్టుకొనును. కటకము పట్టుకొనలేదు.

మనము విమానాశ్రయము పక్కన నుండుటచే ఈ మసకను పైసా ఖర్చు లేకుండ తెలిసికొనుటకు ఒక సాధనము గలదు. 2008 మార్చిలో ఈ విమానాశ్రయము తెఱచినది మొదలు అచ్చటి వాతావరణ పరిశీలకులు అరగంటకొకమాఱు దృశ్యదూరమును, అనగా ఎంత దూరమునందలి వస్తువు కంటికి ఆనునో ఆ కొలతను, వీ.ఓ.హెచ్.ఎస్. అను గుర్తుతో ప్రకటించుచున్నారు. విమానచోదకులకై చెప్పు ఈ వార్తను ఎవరైనను దూరవాణిపై చూడవచ్చును. దృశ్యదూరము 10 కిలోమీటర్లు ఉన్నప్పుడు, ఆ మసక నేలనుండి ఒక కిలోమీటరు మందముననే పఱచియున్నదనుకొనినచో, నడినెత్తి సూర్యుని సూటియెండలో 68 పాళ్ళు దానిని దాటి వచ్చును. 5 కిలోమీటర్లు ఉన్నప్పుడు 46 పాళ్ళే. అయిదు, అంతకు తక్కువయై, పొడిమసక ఉన్నదని పరిశీలకులు ప్రకటించు దినములను ఒక సంవత్సరము లెక్కవేసి చూచిన సభ్యునకు మా వ్యాసము అక్కఱయే ఉండదు. అయితే ఒక జాగ్రత్త: ఇది అడ్డముగా చూచు చూపు. పొగపొర రెండు మూడు కిలోమీటర్ల యెత్తున తేలుచున్నప్పుడు నేలపై దూరము చక్కగా కనబడుచున్నను పైన సూటియెండ తగ్గియే యుండును.

సంవత్సరమును కార్తెలవెంబడి నడచి చూతము. మృగశిర మొదలు హస్త వఱకు నైరుతి వానలు. మబ్బు వచ్చినప్పుడు చదునుపలక దిగుబడి నాలుగవ వంతునకో మూడవ వంతునకో పడిపోవును; భూతద్దపు యంత్రము దిగుబడి సున్నకు దిగును. నడుమ నడుమ మబ్బు విడిచినప్పుడు వానకు కడిగిన గాలిలో సూటియెండ మిక్కిలి ప్రకాశవంతముగా నుండును గాని అది నిమిషముల లెక్క. యంత్రము అంతలో లేచి అంతలో పడును. ఈ నాలుగు నెలలలో కంటికి మోసము చేయునది మఱియొకటి గలదు. చాల యెత్తున దూదిపింజెవలె పలుచని మంచుమబ్బు పఱచుకొని యుండును. నీడ పడుచునే యుండును, ఎండ కాయుచున్నదనియే మనము తలతుము. కాని ఆ మబ్బు సూటియెండను బింబము చుట్టునకు కొంచెముగా వెదజల్లుచుండును. కటకపు గుఱి ఆ మేరకు చెడును.

చిత్త, స్వాతి కార్తెలు భూతద్దపు యంత్రమునకు మంచి రోజులు. వాన గాలిని కడిగియుండును, నేల ఇంకను తడిగా నుండుటచే దుమ్ము లేవదు. ఇట్టి దినములలో యంత్రము తన పత్రమునకు తగినట్లే పనిచేయును. అమ్మకందారు చూపుదలకు పిలుచు దినములును ఇవియే కావచ్చునని సభ్యులు గమనింపవలెను.

ధనుర్మాసపు ఉదయములు వేఱు. హిమాయత్ సాగరు, ఉస్మాన్ సాగరు పరిసరములందును, విమానాశ్రయపు బయలునందును తెల్లవారుజామున పొగమంచు దిగి విమానములకే ఆలస్యము కలుగు దినములు గలవు. మంచు కరగిన పిదప కూడ కొంతసేపు మసక వదలదు. గాలిలో తేమ నూటికి 80 దాటినప్పుడు మసికణములు, ఉప్పుకణములు నీటిని పీల్చి ఉబ్బును. ఉబ్బిన కణము ఎక్కువ వెలుగును చెదరగొట్టును. అంతే కాక రాత్రి చల్లబడిన నేలపై గాలి కదలక పేరుకొని, నగరపు పొగయు, బాహ్యవలయ రహదారి మీది బండ్ల పొగయు అందులో చిక్కుకొనును. పది గంటలకు ఎండవేడిమికి గాలి పైకి లేచి పలుచనగువఱకు ఇదియే స్థితి. కటకముపై మంచుబిందువులు నిలిచినచో చెప్పనే అక్కఱలేదు.

మాఘ ఫాల్గుణములు మొదలు వేసవి వఱకు పొగ, దుమ్ము. వరికొయ్యలు కాల్చిన పొగ, తూర్పుకనుమలలోను మధ్యభారతపు అడవులలోను చెలరేగు మంటల పొగ గాలివాటున మన వఱకు వచ్చును. కొయ్యలు కాల్చరాదని ఈ పత్రికలో నేల సారము నిమిత్తము పలుమాఱులు వ్రాసితిమి. సౌరకేంద్రము పెట్టదలచువాడు తన పొరుగువాని కొయ్యకాళ్ళను గూర్చి కూడ విచారింపవలసి వచ్చుట చిత్రమే. ఏప్రిలు, మే నెలలలో ఆకాశము నీలము విడిచి పాలవలె తెల్లబడును. ఒళ్ళు మండుచుండును, నేల బద్దలగుచుండును. అయినను అందు సూటియెండ పాలు మనము తలచినంత యుండదు. మే 9 ప్రాంతమున మిట్టమధ్యాహ్నము సూర్యుడు సరిగా మన నడినెత్తి మీదికి వచ్చి నిలువు కఱ్ఱకు నీడయే లేకుండ చేయును; కిరణము దారి అన్నింటికంటె కుఱుచయైన ఆ దినములందే మసక దట్టముగా నుండుట మన దురదృష్టము.

వేసవిని గూర్చి ఒక న్యాయమైన మాటయు చెప్పవలెను. సిలికాను పలకకు వేడి గిట్టదు. 25 డిగ్రీలను మించిన ప్రతి డిగ్రీకిని దాని శక్తి నూటికి 0.35 మొదలు 0.4 పాళ్ళు తగ్గును. వేసవిలో పలక 65 డిగ్రీలకు కాగినచో నూటికి 14 మొదలు 16 పాళ్ళు ఆవిరియగును. మూడు పొరల ఘటమునకు డిగ్రీకి జరుగు నష్టము ఇందులో మూడవ వంతు ప్రాంతమే. ఈ యొక్క విషయమున భూతద్దపు యంత్రము మన ఎండలకు తగినదే. గాలి వీచుట ఘటమును చల్లబఱచి మేలు చేయును గాని, పెద్ద చట్రములను ఊపి గుఱి తప్పించును. ఈదురుగాలికి యంత్రము తనంత తాను వెల్లకిల పడుకొనునట్లు అమర్చియుందురు. పడుకొన్నంతసేపు పంట లేదు.

మూడు పొరల విషయమున ఇంకొక చిక్కు గలదు. ఆ పొరలు ఒకదాని వెనుక ఒకటి ఒకే కాలువపై కట్టిన మూడు తూములవంటివి. రెండు తూములు విశాలముగా నున్నను, మూడవది ఇరుకైనచో చివరి మడికి పాఱునది ఆ ఇరుకు తూము నీరే. మసక నీలికాంతిని ఎక్కువగా చెదరగొట్టును; ఉదయ సాయంకాలముల ఏటవాలు దారియు అట్లే చేయును. అందుచే పై పొర తూము ఇరుకగును. అప్పుడు క్రింది పొరలకు కాంతి పుష్కలముగా నున్నను విద్యుత్తు పై పొర మేరకే పాఱును. మచ్చుయెండలో మూడు తూములును సమముగా నుండునట్లు ఘటమును కూర్చియుందురు. మన మసకలో ఆ సమత చెడును. నీటియావిరి మాట దీనికి విరుద్ధము. వానకాలపు గాలిలోని ఆవిరి వేడికాంతిని మ్రింగును. అది అడుగు పొర పాలు. ఆ పొరకు ఎట్లును కాంతి మిగులుండును గనుక నష్టము స్వల్పము. కావున ఉక్కపోతను చూచి భయపడనక్కఱలేదు, ధూళిని చూచియే భయపడవలెను.

ఆ ధూళి గాలిలో నుండుట ఒక కీడు, కటకముపై వ్రాలుట మఱియొక కీడు. చదునుపలకపై పలుచని దుమ్ము పడినను వెలుగు కొంచెము వంగి లోపలికే పోవును. కటకముపై పడినచో వంగిన వెలుగు ఘటమును తప్పును. అందుచే ఒకే దుమ్మునకు భూతద్దపు యంత్రము అధికముగా నష్టపడును, ఎక్కువమాఱులు కడుగవలసి యుండును. బోరుబావి నీటితో కడిగిన సున్నపు మచ్చలు నిలుచును. రహదారుల పనులు, కంకర యంత్రములు, ఇండ్ల కట్టడములు నిత్యము సాగుచున్న మన ప్రాంతమున ఇది చిన్న ఖర్చు కాదు.

ఒక లెక్క వేయుదము. సంఖ్యలు మేము ఉదాహరణమునకై గ్రహించినవి. నిర్మలమైన దినమున సూర్యున కెదురుగా చదరపు మీటరునకు సూటియెండ 850 వాట్లు, మొత్తము 1000 వాట్లు అనుకొందము. భూతద్దపు యంత్రము 30 పాళ్ళ చొప్పున 255 వాట్లు ఇచ్చును. చదునుపలక 20 పాళ్ళ చొప్పున, వేడి నష్టము పోగా, 175 వాట్లు. మసకదినమున సూటియెండ 500, మొత్తము 850 అనుకొందము. మొదటిది 150 వాట్లు, అందులో పై పొర ఇరుకునకు మఱి కొంత పోవును. రెండవది ఇంచుమించు 145. రెండును సరియైనవి. పలుచని మబ్బు దినమున సూటియెండ 150, మొత్తము 500 అనుకొనినచో మొదటిది 45, రెండవది 90. రెట్టింపు వంగడము సగము పండినది. ఆ పైన తిరుగు చట్రముల వెల, వాని మరమ్మత్తు, కడుగు కూలి మొదటిదాని ఖాతాలోనే వ్రాయవలెను.

ఇది కేవలము కాగితపు లెక్క కాదు. 2010లో కేంద్ర ప్రభుత్వమువారు సౌరమిషను క్రింద 470 మెగావాట్ల మేర అద్దములతో ఎండను కూర్చి ఆవిరి పుట్టించు ఏడు కేంద్రములకు అనుమతి నిచ్చిరి. అవి ఘటములు కావు. అయినను వానికిని ఆహారము సూటియెండ యొక్కటే. ఉపగ్రహచిత్రములనుండి ఊహించిన సూటియెండకును, నేలపై పరికరములుంచి కొలిచిన సూటియెండకును తేడా వచ్చెను; గాలిలోని ధూళియే అందుకు ముఖ్యకారణము. ఏడింటిలో కొన్నియే పూర్తియైనవి. వానిలో ఒకటి తెలుగునేలపైననే, అనంతపురము జిల్లా నాగలాపురమున, 50 మెగావాట్ల శక్తితో 2014లో లేచినది. అనంతపురము వంటి పొడినేలనే ముందుగా కొలిచి చూడవలసి యుండగా, మహానగరపు పొగ అంచున నున్న మన సంగతి చెప్పనేల? చెన్నపట్టణమునందలి పవనశక్తి సంస్థవారు 2011 మొదలు దేశమందు 51 చోట్ల సూటియెండను విడిగా కొలుచు కేంద్రములు నెలకొల్పుటకు ఇట్టి యవసరమే కారణము.

తిరుమలలో 2002 మొదలు 106 అద్దపుగొడుగులతో ఆవిరి పుట్టించి అన్నప్రసాదము వండు ఏర్పాటు చేసిరి గదా యని సభ్యులు అడుగవచ్చును. అది కొండమీది గాలి. ఎండ చాలని వేళ బాయిలరు ఆవిరి అందుకొనును. కావలసినది విద్యుత్తు కాదు, వేడి. ఆ మూడు సదుపాయములును మన చెలకలో లేవు.

దూరదేశపు నిదర్శనము ఒక్కటి. 1991 జూనులో ఫిలిప్పీను దీవులలో పినటూబో అగ్నిపర్వతము బ్రద్దలై దాని పొగ ప్రపంచపు పైగాలిలో పఱచుకొన్నది. నేలపై పడు మొత్తము వెలుగు కొద్ది పాళ్ళే తగ్గినది. సూటియెండ మాత్రము అంతకు ఎన్నో రెట్లు తగ్గి, సముద్రములకవతల నున్న కాలిఫోర్నియా ఎడారిలోని అద్దపు కేంద్రముల దిగుబడిని సైతము దెబ్బతీసినది. ఆ దేశపు రైతు తన పైరులో ఆ తేడాను గుర్తించి యుండడు.

మన పక్కన విమానాశ్రయమువారు తమ అవసరమునకు సౌరకేంద్రము కట్టి 2021 నాటికి దానిని 10 మెగావాట్లకు పెంచిరి. అందున్నవి చదునుపలకలే. భూతద్దపు ఘటముల వ్యాపారమున పేరుగాంచిన ఫ్రాన్సు దేశపు సొయిటెక్ సంస్థ 2015లో ఆ వ్యాపారమును మానుకొన్నది. సిలికాను పలకల వెల నానాటికి పడిపోవుటయే ముఖ్యకారణము. ఈ విద్య చచ్చినదని మేమనుట లేదు. ఎడారులలో, ఎత్తైన పీఠభూములలో దానికి చోటు గలదు. మన శంషాబాదు చెలకలకు మాత్రము చదునుపలకలే తగినవని మా యభిప్రాయము. అంతే గాక విమానముల దారి క్రింద ఎత్తైన చట్రము దేనికైనను ఎత్తు అనుమతి పత్రము కావలసి యుండును.

మా మాట నమ్మవలెనని మేము కోరము. ప్రతి సభ్యుడును స్వయముగా పరీక్షింపవచ్చును. మూడంగుళముల బొమ్మపలక యొకటి, విద్యుత్తు కొలుచు మీటరు ఒకటి, అయిదంగుళముల గుండ్రని అట్టముక్క ఒకటి చాలును. పలకను సూర్యునకు ఎదురుగా నిలిపి, దాని రెండు తీగెలను మీటరులో ఆంపియర్ల స్థానమునకు కలిపి సంఖ్య వ్రాసికొనుడు. పిమ్మట అట్టముక్కను కఱ్ఱచివర గ్రుచ్చి, నాలుగడుగుల దూరమునుండి దాని నీడ పలకనంతను కప్పునట్లు పట్టి మరల సంఖ్య వ్రాసికొనుడు. మొదటిది 100 అయి రెండవది 20 అయినచో సూటియెండ 80 పాళ్ళు. రెండవది 50 అయినచో సగమే. పలక లేనివారు చేయి చాపి బొటనవ్రేలితో సూర్యబింబమును కప్పి, వ్రేలి చుట్టు ఆకాశమును చూడవచ్చును; అంచు వఱకు నీలముగా నున్న దినము మంచిది, తెల్లని మిఱుమిట్లు వలయముగా నున్న దినము మసకది. బింబమును వ్రేలు పూర్తిగా కప్పకుండ కన్నెత్తి చూడరాదు.

ఉదయము తొమ్మిదింటికి, మధ్యాహ్నము పన్నెండింటికి, మూడింటికి, వారమునకు రెండు దినములు ఇట్లు కొలిచి, తేదీతోను ఆనాటి విమానాశ్రయపు దృశ్యదూరముతోను ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. స్వాతికార్తె మొదలు రోహిణికార్తె వఱకు వ్రాసిన పుస్తకములను సంఘ కార్యాలయమునకు పంపినచో ఊరూరి సంఖ్యలను పక్కపక్కన నిలిపి ఈ పత్రికలోనే ప్రకటింతుము.